ఎడమవైపు ఒంటరి ట్యాంకు

ఫిబ్రవరి 6, శుక్రవారం

అత్తా,

ఇవాళ పొద్దున్నే నీ కంప్యూటరు తెరిచేసరికి తెర నిండా నీ రాకెట్! ఎవరింటి తలుపో తోసుకుని లోపలికి వెళ్ళిపోయినట్టనిపించి రెండడుగులు వెనక్కి వేశాను. తెర కింద నువ్వు అంటించి వెళ్ళిన కాగితం కూడా అప్పుడే చూశాను. "ఆట ఆడుకో. నా రాకెట్ మాత్రం ముట్టుకోకు." 'మాత్రం' కింద రెండు గీతలు. నన్ను తొందర అని పిలిచేదానివి, ఒక గీత చాలదనుకున్నావు కదూ?

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. ఆ కొండ మీద నీళ్ళ పంపుల స్టేషన్లో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారనీ, సరుకుల వ్యాను శనివారం పైకెక్కి సోమవారం దిగుతుందనీ, మనకి అదే పోస్టు అనీ నాన్న చెప్పాడు. నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఫోన్లో "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడనని దెప్పేదానివి కదా, ఇప్పుడు కూర్చుని చదువుకో.

ఆ ఆటలో నేనూ ఒక రాకెట్ కట్టడం మొదలుపెట్టాను. పక్కన అరల్లో ముక్కలున్నాయి: పైలట్ గది, ఇంధనం ట్యాంకు, ఇంజను, రెక్కలు. ఒక్కోదాన్నీ మౌసుతో పట్టుకొచ్చి అతికించడమే కదా అనుకున్నాను. ఇంజను తలకిందులుగా అతుక్కుంది. రెక్క అతుక్కుందనుకుంటే గాలిలో తేలుతోంది. మూడో ప్రయోగంలో ఇంజను ఒక్కటే పైకి వెళ్ళిపోయింది. మిగతా రాకెట్ మొత్తం, బస్సు తప్పిపోయినవాళ్ళలా, నేల మీదే నిలబడి దాన్ని చూస్తూ ఉండిపోయింది.

కాలేజీలో తెలుగు మాస్టారు రోజుకో కొత్త మాట నోటుబుక్కులో రాసుకోమన్నారు. నేను అయిదు రాస్తున్నాను. ఇవాళ్టివి: అతుకు, అమరిక, బిగువు, ఒరగడం, కూలడం. అయిదూ రాకెట్ నేర్పినవే.

నువ్వు ఇరవై ఏళ్ళుగా పైపులు బిగిస్తున్నదానివి. చెప్పు, పెట్టిన చోట ముక్క ఎందుకు అతుక్కోదు?

నీ తొందర

ఇంకో మాట: నీ రాకెట్ పైలట్ గదికి ఒక్కటే సీటు, దాని మీద 'అత్త' అని పేరు. ముట్టుకోలేదు. చూశాను, అంతే.


ఫిబ్రవరి 8, ఆదివారం

తొందరమ్మా,

నీ ఉత్తరం మా గదిలో నలుగురమూ చదివాం. మూతి ముడవకు. ఇక్కడికి కొత్త కాగితం ఏదొచ్చినా, మందుసీసా మీద చీటీ అయినా సరే, నలుగురమూ చదువుతాం. ఇంజను ఒక్కటే వెళ్ళిపోయిన చోట మా వెల్డరమ్మ నవ్వి నవ్వి మంచం మీంచి జారింది. "మీ మేనకోడలి చేత అతుకు వేయించకండి, నా అన్నం పోతుంది" అంటోంది.

ఇక పాఠం. ఆటలో నువ్వు మొట్టమొదట పెట్టిన ముక్కే ఇంటిపెద్ద. మిగతావన్నీ దాన్ని పట్టుకుని బతుకుతాయి. దాన్ని ఊడదీస్తే ఇల్లంతా ఊడుతుంది. ప్రతి ముక్క చివరా ఒక ఆకుపచ్చ చుక్క ఉంటుంది చూడు. చుక్క మీద చుక్క కూర్చున్నప్పుడే అతుకు. ఒక వైపు నుంచే చూసి పెట్టేస్తున్నావు, అందుకే తేలుతున్నాయి. బొమ్మని తిప్పి పక్కనుంచి, పైనుంచి కూడా చూడు. ముందునుంచి తగిలినట్టుండేది పక్కనుంచి చూస్తే మూరెడు దూరంలో ఉంటుంది. (మనుషులూ అంతే అని రాయమని వెల్డరమ్మ గోల. రాశాను.)

మా పనిలో మాట ఒకటి చెబుతాను. రెండు పైపులు కలిసే చోట ఒక్కోదాని చివరా వెడల్పాటి చక్రం ఉంటుంది, ఫ్లాంజి అంటాం. దానికి ఎనిమిది బోల్టులు. కొత్తవాళ్ళు ఒక బోల్టు పళ్ళు బిగబట్టి పూర్తిగా బిగించేసి పక్కదాని మీద పడతారు. చక్రం ఒక పక్కకి కూర్చుంటుంది, రెండో పక్కనుంచి నీళ్ళు మొహం మీద కొడతాయి. ముందు ఎనిమిదీ చేత్తో తిప్పి వదలాలి. తరవాత ఒకటి బిగిస్తే, వెంటనే దానికి ఎదురుది. ఈ వైపు ఏం చేస్తే ఆ వైపూ అదే. ఇది గోడ మీద రాసుకో.

నా రాకెట్ గురించి. ముట్టుకోకు అంటే ముట్టుకోకు అనే. దాని అరల మూతలు కూడా తీయకు. సగం పనిలో ఉంది. మార్చి మొదటి వారంలో దిగగానే నేనే చూపిస్తాను.

అన్నయ్యని రాత్రిళ్ళు కళ్ళజోడు పెట్టుకుని చదవమను. వదినకి ఆసుపత్రి డ్యూటీ మారిందా?

మీ అత్త


ఫిబ్రవరి 11, బుధవారం
(మాటల నోటుబుక్కులో, చివరి పేజీల్లో)

అత్తా,

ఈ ఉత్తరం నీకు పంపను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బేలా ఉంది. చెప్పాలనిపించే మనిషివి నువ్వే. చెప్పకూడనిదీ నీకే.

నీ రాకెట్ ముట్టుకున్నాను.

దానికి ఎడమవైపు చిన్న ట్యాంకు ఒకటి ఉంది కదా, పాలక్యాను అంత. ఒక్కటే. కుడివైపు ఏమీ లేదు. పైగా అది నేరుగా ఎడమ పక్కన కూడా లేదు, కాస్త ముందుకి జరిగి, ఎత్తు కూడా ఎటూ కాకుండా, తొందరలో తప్పు కాజాలో పెట్టిన గుండీలా ఉంది. "ఈ వైపు ఏం చేస్తే ఆ వైపూ అదే" అని నువ్వే రాశావు. ప్రయాణం హడావుడిలో రెండోది పెట్టడం మరిచిపోయావనుకున్నాను. నువ్వు వచ్చేసరికి పూర్తిచేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

ఆ వంకర ట్యాంకు తీసి పారేశాను. ఆటలో పారేసిన ముక్క మాయమైపోతుంది. జంటల బటన్ నొక్కితే ఒక ముక్క పెట్టగానే ఎదురుగా దాని జత దానంతటదే వస్తుంది. అలా రెండు ట్యాంకులు, ఇటొకటి అటొకటి, చెవిపోగుల్లా పెట్టాను. ఎంత ముద్దుగా ఉందో! భద్రపరిచాను. ఒక్కసారి ఎగరేసి చూద్దామనిపించింది.

నాలుగు లెక్కపెట్టేసరికి కుడివైపు ఒరిగి, నేల మీద తల ఆనించి పడుకుంది.

భయంతో ఆట మూసేశాను. మళ్ళీ తెరిస్తే 'వెనక్కి' బటన్ పనిచేయలేదు. పాత ట్యాంకు సరిగ్గా ఎక్కడుందో నాకు గుర్తులేదు. ఎంత ఎత్తులో? ఎంత ముందుకి? వంకరగా ఉందని నవ్వుకున్నాను కానీ ఆ వంకర ఎంతో చూసుకోలేదు.

నువ్వు వచ్చేలోగా సరిచేస్తాను. నీకు తెలియకుండా.


ఫిబ్రవరి 13, శుక్రవారం

అత్తా,

చుక్క మీద చుక్క పాఠం పనిచేసింది. ఇప్పుడు నా ముక్కలేవీ గాలిలో తేలడం లేదు. ఇంకో రెండు విషయాలు నేనే కనిపెట్టాను. కోణాల బటన్ ఒకటి ఉంది, అది వేసి ఉంటే ముక్క ట్యాంకు చుట్టూ గడియారం ముల్లులా గంట గంటకీ ఆగుతూ తిరుగుతుంది, మధ్యలో నిలవదు. షిఫ్టు మీట నొక్కిపట్టుకుంటే ముక్క చీమ నడకన జరుగుతుంది. చేతికి నెమ్మది అలవాటు కావాలని నిన్న ఒకే ట్యాంకుకి ఇరవై రెక్కలు అతికించి మళ్ళీ ఊడదీశాను. నాన్న వెనకనుంచి చూసి, "ఏమిటే అది, ముళ్ళపందా?" అన్నాడు.

ఇప్పుడు సందేహం. నా రాకెట్ ఒకటి ఉంది. కొత్తది, నాది. రెండు వైపులా అచ్చం ఒకేలా కట్టాను. అయినా లేచిన కాసేపటికే కుడివైపుకి ఒరిగిపోతుంది. అన్నీ ఊడదీసి, జంటల బటన్ వేసి, కోణాలు చూసుకుని మళ్ళీ అతికించాను. ఆరుసార్లు. ఆరుసార్లూ కుడివైపుకే. ఏదో ముక్క వెంట్రుకవాసి తేడాగా అతుకుతోందంటావా?

నీ రాకెట్ అలాగే ఉంది. రోజూ దుమ్ము తుడుస్తున్నాను. తెర మీద దుమ్ము అని నా ఉద్దేశం.

నిన్న నీ సామాన్ల పెట్టెలో గాజుగొట్టం బిగించిన చెక్క ఒకటి చూశాను. గొట్టంలో నీటిబుడగ. దాన్ని రసమట్టం అంటారనీ, మట్టం సరిగ్గా ఉందో లేదో ఆ బుడగే చెబుతుందనీ నాన్న చెప్పాడు. రసమట్టం! అత్తా, ఇంత అందమైన మాటని పెట్టెలో పడేసి ఎలా వెళ్ళగలిగావు?

నీ తొందర


ఫిబ్రవరి 15, ఆదివారం

తొందరమ్మా,

రసమట్టం ఇక్కడ ఇంకోటి ఉంది. అది అందంగా ఉందని ఇన్నేళ్ళలో ఎవరూ నాతో అనలేదు. మొన్నటినుంచి పైపు మీద పెట్టినప్పుడల్లా నీ మాటే గుర్తొస్తోంది.

ముళ్ళపంది బాగుంది. చేతికి నెమ్మది అలాగే వస్తుంది.

ఈ వారం ఇక్కడ జరిగిందొకటి విను. ఒక అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. ఎనిమిది బోల్టులూ ఒకే బిగువు. మధ్యలో వేసిన రబ్బరు కొత్తది. మళ్ళీ విప్పాం, మళ్ళీ బిగించాం, మళ్ళీ కారింది. సూపర్‌వైజర్ నా చేతులకేసి చూడడం మొదలుపెట్టాడు. చివరికి ఆ అతుకు వదిలేసి పైపు పొడుగునా నడిచాను. పది గజాల అవతల పైపు కింద దిమ్మె కుంగి ఉంది. పైపు బరువంతా వచ్చి ఈ అతుకు మీద వేలాడుతోంది. తప్పు ఒక చోట, కన్నీళ్ళు ఇంకో చోట.

నీ రాకెట్‌కి కూడా అలా చూడు. ఎడమ మూల తక్కెడ బొమ్మ ఉన్న బటన్ నొక్కు. పసుపు గుండు ఒకటి కనబడుతుంది, రాకెట్ బరువంతా అక్కడ ఉన్నట్టు లెక్క. ఇంజను తోసే దారి నీలం బాణంగా కనబడుతుంది. గుండు బాణం మీద ఉండాలి. పక్కకి తప్పిందంటే రాకెట్ ఒరుగుతుంది.

రెండు వైపులా ఒకేలా ఉందంటావు. అయినా కుడివైపుకే ఒరుగుతుందంటావు. రెండింట్లో ఒకటి నిజం కాదు. రాకెట్ అబద్ధం ఆడదు.

బొమ్మ గీసి పంపు. నా రాకెట్ తెరవలేదు కదా?

మీ అత్త


ఫిబ్రవరి 20, శుక్రవారం

అత్తకి,

పసుపు గుండు చూశాను. కుడివైపే ఉంది. రెండు వైపులా ఒకేలా ఉండడమూ నిజమే, గుండు కుడివైపు ఉండడమూ నిజమే. కావాలంటే వచ్చి చూసుకో.

"రాకెట్ అబద్ధం ఆడదు." ఈ వాక్యం పదిసార్లు చదివాను. రాకెట్ ఆడదు, అంటే ఇంకెవరో ఆడతారనేగా? కింద మళ్ళీ "నా రాకెట్ తెరవలేదు కదా?" అని. ఏమీ తెరవలేదు. నీ మూతలు నీకే ఉన్నాయి.

నేనూ ఒకటి అడుగుతాను. నీ రాకెట్లో ఒక్క సీటే ఎందుకుంది?

ఎనిమిదేళ్ళుగా నీదీ నాదీ ఒకే గది. నీ మంచం కిటికీవైపు, నాది తలుపువైపు. ఆ ఆట మనిద్దరం కలిసి కొన్నది. రోజూ నీ పక్కన కూర్చుని "ఇది ఏమిటి, అదేమిటి" అని అడుగుతుంటే, "నువ్వు ముందు పరీక్షలు కానివ్వు, తరవాత నేర్పుతా" అనేదానివి. తరవాత ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నీ బ్యాగు గుమ్మంలో ఉంది. కొండ మీదకి పోతున్నానని చెప్పావు. అడగలేదు, చెప్పావు. సరే, పని. అది నాకు అర్థమవుతుంది. కానీ ఆటలో కూడా చంద్రుడి మీదకి నువ్వొక్కదానివే పోదామనుకున్నావు. సీటు మీద పేరు కూడా రాసుకున్నావు.

నీ మంచం మీద అమ్మ ఇప్పుడు ఉతికిన బట్టలు పెడుతోంది.

బొమ్మ గీయలేదు. నాకు బొమ్మలు రావు.

తొందర


ఫిబ్రవరి 22, ఆదివారం

తొందరా,

ఉత్తరం అందింది. ఈసారి నేనొక్కదాన్నే చదివాను.

అయితే మూత తీసి చూశావన్నమాట. కుడివైపుకే ఒరుగుతోందన్నప్పుడే అది నా రాకెట్టేమోనని అనుమానం వచ్చింది. ఫరవాలేదు, తెరిచినందుకు కోపం లేదు. కానీ లోపల ఉన్నది చూసి కూడా "ఒక్క సీటే" అని రాశావంటే, నీకు అది వద్దని అర్థమైంది. వద్దన్నదాన్ని మళ్ళీ అంటగట్టే అలవాటు నాకు లేదు.

ఇక్కడ రెండో వరస పైపులు మొదలుపెడుతున్నారు. సూపర్‌వైజర్ ఇంకో ఆరు నెలలు ఉండమంటున్నాడు. మార్చి 1, ఆదివారం సాయంత్రం సంతకం పెట్టాలి. పెడదామనే అనుకుంటున్నాను. అన్నయ్యకి చెప్పు.

మంచం మీద బట్టలు పెట్టుకోవడం వదినకి సౌకర్యంగానే ఉన్నట్టుంది. అలాగే ఉండనీ.

అత్త


ఫిబ్రవరి 26, గురువారం

అత్తా, అత్తా, అత్తా,

సంతకం పెట్టకు! ముందు ఇది చివరిదాకా చదువు. వ్యాను డ్రైవరు చేతికే ఇస్తున్నాను, నీ చేతికే ఇమ్మని ఒట్టు వేయించుకున్నాను. ఆయన "సరుకు దింపడానికి ముందా, తరవాతా?" అని అడిగాడు. ముందే అన్నాను.

మొదట తప్పు ఒప్పుకుంటాను. నేను నీ రాకెట్ ముట్టుకున్నాను. ఫిబ్రవరి 11న. ఎడమవైపు ఒంటరి ట్యాంకు తీసేసి, రెండు వైపులా రెండు పెట్టాను. నువ్వు మరిచిపోయావనుకున్నాను. అది పడిపోయింది. "నా కొత్త రాకెట్" అని రాసిందంతా అబద్ధం, నీదే అది. అబద్ధం ఆడింది రాకెట్ కాదు, నేనే. నోటుబుక్కులో ఆ రోజే రాసిన ఉత్తరం చింపి ఇందులో పెడుతున్నాను, చూడు.

కానీ అప్పటిదాకా మూత తీయలేదు! ఒట్టు. ఒక్క మూత కూడా. సోమవారం నీ ఉత్తరం చదివి నాకు బుర్ర తిరిగింది. "లోపల ఉన్నది" ఏమిటి? నాకు వద్దన్నదేమిటి? అడుగుదామంటే నువ్వు కొండెక్కి కూర్చున్నావు. తెరుద్దామంటే ముట్టుకోవద్దన్నావు, ఒకసారి ముట్టుకున్నందుకే ఇంత జరిగింది. రెండు రోజులు తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

నిన్న సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి బట్టలు ఆరేస్తూ, హ్యాంగర్లకి తగిలించమని నాకిచ్చింది. నాన్న చొక్కా తగిలించాను. హ్యాంగర్ ఒక పక్కకి ఒరిగింది. భుజాలు సర్దాను. ఒరిగింది. గుండీలు పెట్టాను, చేతులు రెండూ సమంగా లాగాను. మళ్ళీ ఒరిగింది. అమ్మ అటు తిరిగే ఉండి, "చొక్కాని ఎందుకే అలా పీకుతావు, జేబు చూడు" అంది.

జేబులో తాళంకప్ప. నాన్న రెండు రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నది. ఉతికేశాం కూడా. నాన్న గట్టిగా "దొరికిందా!" అని కేకేస్తున్నాడు, నేను మాత్రం బకెట్టు దాటుకుని కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాను.

అత్తా, నువ్వు మార్చిలో చూపిస్తానన్నది ముందే చూసేశాను. క్షమించు. పైలట్ గది కింద ఉన్న వెడల్పాటి అర, దాని కుడివైపు మూత. నొక్కాను. తలుపు తెరుచుకుంది.

లోపల ఇంకో సీటు ఉంది. అందులో ఒక చిన్న పైలట్, నడుముకి పట్టీ కట్టుకుని కూర్చుని ఉంది. పేరు చోట 'తొందర' అని ఉంది.

అమ్మ వచ్చి "తాళంకప్ప దొరికితే నువ్వెందుకే ఏడుస్తావు?" అంది.

ఇప్పుడు అన్నీ అర్థమయ్యాయి. అర మధ్యలో, దిగేటప్పుడు విచ్చుకునే గొడుగు మడిచిన పెట్టె ఉంది కాబట్టి సీటు కుడిపక్కకి, కాస్త వెనక్కి పెట్టాల్సి వచ్చింది. ఆ బరువుకి ఎదురుగా ఎడమవైపు, కాస్త ముందుకి, ఆ చిన్న ట్యాంకు. అది వంకర కాదు. అది నా బరువుకి సరితూగేది. నేను దాన్ని తీసి పారేసి అందంగా ఉందనుకున్నాను.

ట్యాంకులు రెండూ తీసేసి, ఒక్కటే మళ్ళీ ఎడమవైపు పెట్టాను. జంటల బటన్ తీసేశాను. కోణాల బటన్ వేసి ఉంటే ముల్లు పడే చోట్లలో ఏదీ సరిపోలేదు, ఒకదానికి గుండు ఇటు తప్పింది, ఒకదానికి అటు. అందుకని అదీ తీసేసి, షిఫ్టు నొక్కిపట్టి, చీమ నడకన జరుపుతూ పోయాను. పసుపు గుండు కొంచెం కొంచెంగా కదిలింది. గుండు వచ్చి నీలం బాణం మీద కూర్చున్నప్పుడు మౌసు మీంచి చెయ్యి తీశాను. ముళ్ళపంది చదువు అక్కరకొచ్చింది.

ఎగరేయలేదు. ఎగరేయను కూడా. మొదటి సీటులో మనిషి లేకుండా ఎలా ఎగరేస్తాను?

నీ మంచం మీద బట్టలు తీసేశాను. దుప్పటి మార్చాను.

సంతకం పెట్టకు అత్తా.

నీ తొందర


మార్చి 1, ఆదివారం

తొందరమ్మా, నా బంగారు ముళ్ళపందీ,

డ్రైవరు బియ్యం బస్తా కూడా దింపకుండా నా దగ్గరికొచ్చి, "ఒట్టు తీరింది, ఇక నన్నొదిలేయమనండి" అని నీ కవరు చేతిలో పెట్టాడు. నిలబడే చదివాను. తరవాత మెట్టు మీద కూర్చుని చదివాను. తరవాత నలుగురమూ చదివాం. తాళంకప్ప దగ్గర నవ్వు, సీటు దగ్గర వెల్డరమ్మ ముక్కు తుడుచుకోవడం. తెల్లారేసరికి పంపు హౌసు అంతా తెలిసిపోయింది.

సంతకం పెట్టలేదు. సూపర్‌వైజర్ "ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని అడిగాడు. "లేదు సార్, చంద్రుడి మీదకి వెళ్ళాలి" అన్నాను. ఆయన కాగితం మడత పెట్టుకున్నాడు.

నా తప్పు కూడా రాస్తాను, లెక్క సరిపోవాలి కదా. "ఈ వైపు ఏం చేస్తే ఆ వైపూ అదే" అని నీకు రాసింది నేనే. ఫ్లాంజికి అది నిజం, రెండు వైపులూ మొదటినుంచీ ఒకటే కనక. లోపల ఏం ఉందో తెలియనిదానికి ఆ మాట చెల్లదు. సగం పాఠం చెప్పి, రెండో సగం మూత కింద దాచాను. నువ్వు సీటు చూసి, తీసి పారేసి, అందుకే గుండు తప్పి రాకెట్ ఒరుగుతోందనుకున్నాను. ఆ సీటు ఇంకా అక్కడే ఉందేమో అన్న ఆలోచనే రాలేదు. ఆ కోపంలో ఇటు ఒరిగిందా అటు ఒరిగిందా అని కూడా లెక్క చూసుకోలేదు. సీటు తీసేస్తే అది ఎడమవైపు ఒరగాలి కదే! ఇరవై ఏళ్ళ ఫిట్టర్ని, ఇది నాకు తట్టలేదు. ఇది మాత్రం వెల్డరమ్మకి చెప్పలేదు.

రెండు సీట్ల గది ఆటలో ఉంది, కానీ ముందు చంద్రుడి దాకా వెళ్ళొస్తేనే దాన్ని ఇస్తారు. అంతదాకా ఆగడం ఇష్టం లేక నీ సీటు అరలో పెట్టాను. నీ పరీక్షలు అయ్యాక చూపిద్దామనుకున్నాను. కొండ పని మధ్యలో వచ్చి పడింది. అడగకుండా వెళ్ళాను, నిజమే. అడిగితే "వద్దు" అంటావని భయపడ్డాను. నువ్వు వద్దన్నాక ఇక వెళ్ళలేనని.

ఇక పని. ఒకటి మరిచావు. ఆ చిన్న ట్యాంకుకి కుళాయి ఉంటుంది, నేను దాన్ని కట్టేసి ఉంచాను. నువ్వు పెట్టిన కొత్తదానికి అది తెరిచే ఉంటుంది. అలాగే ఎగరేస్తే ఇంధనం ఖాళీ అయ్యేకొద్దీ ట్యాంకు తేలికై, సగం దారిలో మళ్ళీ ఒరుగుతుంది. కుళాయి కట్టేయి.

పాత ట్యాంకు ఎక్కడుండేదో నాకు కొలత గుర్తుంది. చెప్పను. నువ్వు పెట్టిన చోటునే చూస్తాను.

వచ్చే ఆదివారం నా చివరి పని. సోమవారం వ్యానులో దిగుతున్నాను. ఏడింటికి మన వీధి మొదట్లో దింపుతానన్నాడు.

మీ అత్త


మార్చి 8, ఆదివారం, సాయంత్రం
(తెర కింద, పాత కాగితం పక్కనే అంటించినది)

అత్తా,

ఈ ఉత్తరానికి వ్యాను అక్కర్లేదు. రేపు నువ్వు కంప్యూటరు ముందు కూర్చునేసరికి నీ కళ్ళ ఎదురుగానే ఉంటుంది. నేను పక్కనే ఉంటాను కానీ, నిన్ను చూడగానే నాకు "ఊఁ", "ఆఁ" తప్ప ఏమీ రాకపోవచ్చు. అందుకే రాసిపెడుతున్నాను.

కుళాయి కట్టేశాను. కట్టేసి, మళ్ళీ తెరిచి, నిజంగా కట్టిందో లేదో చూసి, మళ్ళీ కట్టేశాను. పసుపు గుండు నీలం బాణం మీదే ఉంది. ప్రతి అతుకూ ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి చూశాను. కుడివైపు మూత మాత్రం మూయలేదు. ఎగిరేముందు నువ్వే మూయాలి.

రేపటి ఏర్పాట్లు ఇవి. ఆరున్నరకి లేస్తాను. ఏడుకి అయిదు నిమిషాల ముందే వీధి మొదట్లో ఉంటాను, నీ బ్యాగు నేనే మోస్తాను, వద్దనకు. అమ్మ డ్యూటీకి ఎనిమిదింటికి వెళ్ళాలి, తనూ చూస్తానంది. నాన్న తాళంకప్ప జేబులో వేసుకుని మరీ నిలబడతానన్నాడు, బరువు సరిపోకపోతే అడగమన్నాడు. నువ్వు టీ తాగాక, కిటికీవైపు కుర్చీ నీది, తలుపువైపుది నాది. ఎగరేసే మీట నువ్వు నొక్కు.

పది నుంచి వెనక్కి నేను లెక్కపెడతాను. నెమ్మదిగా. ఒక్క అంకె కూడా మింగకుండా.